జాజు పట్టీకి నా కుడికన్ను వేసిన మార్కులు

ఆ రోజు మా కొత్త ఇంటి హాల్లో ఉన్నవాళ్లం నలుగురం: నేను, నన్ను కన్న అవ్వ, బాపు, పెయింటర్ ఖాజా భాయ్. ఉన్న వస్తువులు: నిచ్చెన ఒకటి, రంగు డబ్బాలు మూడు, రోలర్లు రెండు, షేడ్ కార్డు ఒకటి, గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్ నుంచి తెచ్చుకున్న బాపు టిఫిన్ డబ్బా ఒకటి. శివరాత్రికి ముందు వారం. టీవీ గోడకు వేసిన మెరూన్ రంగు నాకు పాలిపోయినట్టు కనిపించింది.

"భాయ్, నీళ్లు ఎక్కువ కలిపినవా?" అన్నాను.

"లే సారు. డబ్బా మీద ఎంత రాసి ఉన్నదో అంతే."

ఇంకో కోటు వేయించాను. ఆరాక అదే రంగు. మరునాడు మరో కోటు. నాలుగో రోజు కూడా నేను అదే మాట అనేసరికి ఖాజా భాయ్ రోలర్ కింద పెట్టి అవ్వ వైపు తిరిగాడు.

"అమ్మా, జర మీరు చూడుండ్రి. గిది ఎర్రగ లేదా?"

"నెత్తురు లెక్క ఉన్నది కదయ్యా," అంది అవ్వ.

"ఇంజినీరు సారుకు గోడతోని కాదు, కంటితోనే పరేషాన్ ఉన్నట్టుంది. ఒక కన్ను మూసి చూడు సారు. గీత సక్కగ వచ్చిందా లేదా మేము గట్లనే చూస్తం."

వాదించడానికే ఎడమ కన్ను మూశాను. గోడ ఎండిన మట్టి రంగులోకి మారింది. కుడి కన్ను మూశాను. మెరూన్. అలా మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. అంతకు వారం ముందు నుంచి కుడి కన్ను పక్కకు తిప్పితే లోపల నొప్పిగా ఉండేది. కంప్యూటర్ ఎక్కువ చూశానని చుక్కలు వేసుకుని ఊరుకున్నాను.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. కరీంనగర్‌లో ప్యానెల్ బోర్డులు తయారుచేసే వర్క్‌షాపులో వైరింగ్ నా పని. ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు, నలుపు న్యూట్రల్, పచ్చది ఎర్త్. ఈ ఐదు రంగులు తేడా లేకుండా కనిపించకపోతే నాకు ఆ పని లేదు.

ఆ మధ్యాహ్నమే కంటి ఆసుపత్రికి వెళ్లాం. డాక్టర్ గారు చుక్కల మందు సీసా ఎర్ర మూత పట్టుకుని అడిగారు. "ఎడమ కంటికి ఈ ఎరుపు నూటికి నూరు అనుకోండి. కుడి కంటికి ఎన్ని మార్కులు వేస్తారు?"

"ముప్పై."

"దీన్ని రెడ్ డీసాచురేషన్ అంటాం," అన్నారు. చుక్కల్లో అంకెలు దాగి ఉండే పుస్తకం ఇచ్చారు. ఎడమ కంటితో పేజీలన్నీ చదివాను. కుడి కంటితో మొదటిది ఒక్కటే. టార్చ్ వేసి రెండు కళ్లూ మార్చి మార్చి చూశాక ఆమె చెప్పారు: "ఆప్టిక్ న్యూరైటిస్ అనిపిస్తోంది. అంటే కంటి నరానికి వాపు. ఎంఆర్ఐ చేయించాలి."

ఎంఆర్ఐ మిషన్లో కదలొద్దన్నారు. ఆ చప్పుడులో కళ్లు మూసుకుని మా క్వార్టర్ ముందు గదిని రంగులవారీగా గుర్తు చేసుకున్నాను. గోడలు కంపెనీ సున్నం, పలుచని పసుపు. వరుసలో ఉన్న ఇళ్లన్నీ అదే. ఎంచుకునే పని మాకెప్పుడూ పడలేదు. పచ్చ ట్రంకు పెట్టె. నీలం నవారు మంచం. షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి బాపు ఆనుకుని కూర్చునే చోట గోడ మీద నూనె మరక. ఇక కింద, నేలకు ఆనుకుని, జానెడు ఎత్తున అవ్వ పూసిన జాజు పట్టీ. ఏటా పెత్రమాసకు ముందు, బతుకమ్మ మొదలయ్యేలోపు, ఎర్రమట్టిని పాత కుండలో నానబెట్టి గుడ్డపేలికతో నాలుగు గోడలకూ పూసేది. పైన సున్నంతో చుక్కలు పెట్టేది. ఆ గదిలో మేము ఎంచుకున్న రంగు అదొక్కటే. తడి జాజు వాసన కూడా ఆ మిషన్లో గుర్తొచ్చింది.

రంగులు మొదలుపెట్టే ముందే కొత్త ఇంటికీ ఆ పట్టీ కావాలని అవ్వ అడిగింది. "అది మట్టిగోడలకు అవ్వా, ఎమల్షన్ మీద ఎవరన్న జాజు పూస్తరా?" అన్నాను. టీవీ గోడ తప్ప ఇల్లంతా తెలుపు పెట్టించాను. టైల్స్ తెలుపు, తలుపులు తెలుపు, వంటగట్టు తెలుపు.

రిపోర్టులో కుడి కంటి నరం వాచి ఉంది. మెదడులో మచ్చలేమీ లేవు. "మంచి విషయం," అన్నారు డాక్టర్ గారు. "చూపు చాలామందికి తిరిగి వస్తుంది. రంగు ఆలస్యంగా వస్తుంది. కొందరికి పూర్తిగా రాదు. ఈ వాపు మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. ఫాలో అప్ మానొద్దు." ఐదు రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించారు. తర్వాత మాత్రలు.

ఇంటికొచ్చిన మూడో రోజు హాలు నుంచి వంటింటికి దిగే ఒక్క మెట్టు నాకు కనిపించలేదు. తెలుపు మీద తెలుపు. మోకాలు పగిలింది. అంతకు ముందే రెండుసార్లు తెల్ల కప్పు పక్కన చాయ్ పోశాను. ఒక కన్ను మసకబారితే లోతు అంచనా తప్పుతుందని, అంచులు తెలిసేలా ముదురు రంగులు పెట్టుకొమ్మని డాక్టర్ గారు చెప్పారు.

 మరునాడు పొద్దున అవ్వ బకెట్‌లో జాజు నానబెట్టింది.

"మట్టిగోడలకంటివి గద కొడుకా," అంది. "నేను నేలకు పూస్తున్న అనుకో."

ఖాజా భాయ్ వచ్చి చూశాడు. "జర బంక కలుపుండ్రి అమ్మా, లేకుంటే చేతికంటుతది," అని తనే కలిపాడు. హాలు చుట్టూ జానెడు పట్టీ వచ్చింది. మెట్టు అంచున పసుపు గీత గీశాడు. అవ్వ తన పాత నీలం నేత చీర చింపి వంటగట్టు మీద పరిచింది, మిగిలిన ముక్క కిటికీకి కట్టింది. స్విచ్‌బోర్డుల చుట్టూ నేనే నల్ల టేపు అంటించాను. టిఫిన్ డబ్బాలో బాపు మనీప్లాంట్ పెట్టాడు. ఆ తర్వాత నేను పడలేదు.

రోజూ ఉదయం అదే స్టూలు మీద, అదే కిటికీ వెలుతురులో కూర్చుని ఒక్కో కన్ను మూసి పట్టీకి మార్కులు వేసి నోట్‌బుక్‌లో రాసేవాణ్ని. ముప్పై. ముప్పై ఐదు. మళ్లీ ముప్పై. బాపు పేపర్ వెనక నుంచి అడిగేవాడు.

"ఎన్ని మార్కులొచ్చినయ్‌రా?"

"నలభై."

"పాసయినవ్ తీయ్. పదో తరగతిల గింత లెక్క రాస్తే మంచిగుండు."

మా ఓనర్ నన్ను డ్రాయింగుల మీద కూర్చోబెట్టాడు. "రంగులు తెలిసినంక వైర్లు పట్టు," అన్నాడు. పక్క బెంచీ మీద వేరేవాళ్లు నా బోర్డుకు వైరింగ్ చేస్తుంటే చూడబుద్ధయ్యేది కాదు.

మార్కులు అరవై దాటాక, ఎండాకాలంలో, నా కంటి కోసం అవ్వ మొక్కిన మొక్కు తీర్చడానికి కొండగట్టు హనుమంతుడి గుడికి వెళ్లాం. మెట్లెక్కి గుడి ముందు నిలబడి అలవాటుగా ఎడమ కన్ను మూశాను. అంజన్న సింధూరం బూడిద రంగులో కనిపించింది.  మళ్లీ మొదటికొచ్చిందనుకున్నాను. అవ్వకు చెప్పాను.

ఆమె నన్ను నీడలో కూర్చోబెట్టి కొంగుతో విసిరింది. "జాజు కూడ ఎండలకు వెలుస్తది బిడ్డా. వెలిసిందని గోడ కూల్చుకుంటమా? మళ్ల పూస్తం."

అరగంటకు మళ్లీ గుడి ముందుకెళ్లి చూస్తే సింధూరం రంగు తేలింది. ఒళ్లు వేడెక్కితే చూపు తగ్గి, చల్లబడగానే తిరిగి రావడాన్ని ఊతాఫ్ అంటారని, అది జబ్బు తిరగబెట్టడం కాదని డాక్టర్ గారు తర్వాత చెప్పారు. ముందే తెలిసుంటే అంత భయపడేవాణ్ని కాను.

ఇప్పుడు వైరింగ్‌కు తిరిగొచ్చాను. ప్రతి వైరు రంగూ ఎడమ కంటితో ఒకసారి సరిచూసుకుంటాను; ఎండలో పనైతే మధ్యలో ఆగి ముఖం కడుక్కుంటాను. తలుపులకు ఈసారి పలుచని ఆకుపచ్చ వేయిద్దామని అవ్వ అంటోంది. షేడ్ కార్డు ఆమె చేతికే ఇచ్చాను.

ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. తెలిసిన రంగు మారినట్టు అనిపిస్తే రంగును అనుమానించే ముందు ఒక్కో కన్ను మూసి చూడండి. తేడా ఉంటే ఆ రోజే కంటి డాక్టర్‌ను కలవండి. నేను నాలుగు రోజులు గోడకు కోట్లు వేయించాను. ఖాజా భాయ్‌కి క్షమాపణ చెప్పాను. "గోడకు మంచిగనే అయింది సారు," అన్నాడు.

పెత్రమాస దగ్గరికొచ్చింది. నిన్న అవ్వ పట్టీకి కొత్త జాజు పూసి చుక్కలు పెట్టింది. ఈ ఉదయం స్టూలు మీద కూర్చున్నాను. బాపు పేపర్ వెనక నుంచి అడిగాడు.

ఎడమ కన్ను: నూరు. కుడి కన్ను: ఎనభై ఐదు.