తూర్పున ఏముందండీ?

మొన్న ఏలూరు స్టేషన్లో రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీదున్న మిషన్లో నీళ్ళ సీసా కొన్నాను. ఫోనుతో డబ్బు కట్టగానే లోపల తీగచుట్ట తిరిగి, సీసా ధబ్బుమని అడుగున పడింది. ఆ చప్పుడుకి నా తల దానంతటదే అటూ ఇటూ తిరిగింది. మిషనుకి తూర్పున టీ స్టాలు, పడమర ఖాళీ బెంచీ, దక్షిణాన పట్టాలు, ఉత్తరాన గోడ. హద్దులు సరిపోయాయి, ఇది నిజం మిషనే అని నాలో నేనే నవ్వుకున్నాను. పక్కనున్నావిడ నన్ను వింతగా చూసింది. పాపం, ఆవిడకి మా రత్నమ్మ గారు తెలియదు.

రత్నమ్మ గారు తాడేపల్లిగూడెంలో దస్తావేజులు రాసేవారు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుసందులో ఒక గది, రెండు కంప్యూటర్లు, కిర్రుమనే ఫ్యాను. నేను అక్కడ టైపు చేసేదాన్ని. పొలమైనా ఇల్లయినా కాగితం మీదికి ఎక్కాలంటే తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం ఏమేమున్నాయో చెప్పాలి. ఆవిడకి ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. పెళ్ళి సంబంధం చెప్పడానికి వచ్చినవాళ్ళని కూడా అబ్బాయి ఆఫీసుకి తూర్పున ఏముందని అడిగేవారు. వాళ్ళు తెల్లమొహాలు వేస్తే నాకు సిగ్గేసేది. పెద్దవాళ్ళని అలా నిలదీస్తే బాగుంటుందా అని ఒకసారి అన్నాను కూడా. "అడగడం అమర్యాద కాదమ్మా. చివర అండీ తగిలించి అడుగు, సరిపోతుంది" అన్నారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

మా ఆయనకి బస్టాండు దగ్గర సెల్‌ఫోను రీచార్జి కొట్టు ఉండేది. ఎవరి ఫోన్లో వాళ్ళే రీచార్జి చేసుకోవడం వచ్చాక కొట్టు మూసేయాల్సి వచ్చింది. పని లేక ఇంట్లో కూర్చున్న మగమనిషి ఎంత చిన్నబోతాడో అప్పుడు చూశాను. అలాంటి రోజుల్లో ఏలూరులో ఒక హోటల్లో మీటింగు ఉందంటే వెళ్ళి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చారు. చిప్స్, కూల్‌డ్రింకులు అమ్మే మిషన్లట. ఆస్పత్రుల్లో, కాలేజీల్లో చోటు కంపెనీవాళ్ళే మాట్లాడిపెడతారట. నెలనెలా ఆదాయానికి గ్యారంటీ అట. జిల్లా మొత్తానికి ఇంకా కొన్నే మిగిలాయని, ఆ రోజే కట్టినవాళ్ళకే ఇస్తామని అన్నారట. ఈయన అక్కడికక్కడే ఫోనులో అడ్వాన్సు పంపేశారు. మిగతాది శుక్రవారంలోగా కట్టాలి. అందుకు పెంటపాడులో మా అమ్మ నాకిచ్చిన అరెకరం తాకట్టు పెడదామనుకున్నాం. మాకున్న ఆధారమల్లా అదే.

మర్నాడు ఆ కంపెనీ తాలూకు మనిషి శ్రీధర్ మా ఇంటికి వచ్చాడు. తన అత్తవారిది పెంటపాడేనన్నాడు. ఆ మాటతో మా ఇంటి మనిషైపోయాడు. కొల్లేటి కొరమేను తెప్పించి పులుసు పెట్టాను. అక్కయ్యగారూ, అక్కయ్యగారూ అంటూ మారు వడ్డించుకుని తిన్నాడు. అత్తవారి ఇంటిపేరేమిటని అడగాలని నోటిదాకా వచ్చింది. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి ఏం అడుగుతాంలే అని ఊరుకున్నాను. మా వైపు మొహమాటం అలాంటిది.

తాకట్టు దస్తావేజు నేనే టైపు చేస్తుంటే రత్నమ్మ గారు వెనక నిలబడి చదివారు. సంగతేమిటని అడిగారు, చెప్పాను. మిషన్లు ఎక్కడ పెడతారన్నారు. మంచి సెంటర్లలోనట అన్నాను. మంచి సెంటరు ఏ ఊళ్ళో ఉందమ్మా అన్నారు.  ఇప్పటికే మిషన్లు కొని బాగుపడ్డాడంటూ కంపెనీవాళ్ళు ఒకాయన నంబరు ఇచ్చారు. ఆవిడ ఆ నంబరుకి ఫోను చేయించి స్పీకరు పెట్టించారు. ఆయన తన మిషను గుండుగొలనులో హైవే పక్క హోటల్లో ఉందని, ఖాళీ లేకుండా నడుస్తోందని గడగడా చెప్పాడు.

"సంతోషమండీ. ఆ హోటలుకి తూర్పున ఏముందండీ?"

"రోడ్డండి."

"పడమరండీ?"

"అదీ రోడ్డేనండి."

"రెండు పక్కలా రోడ్డే అయితే హోటలు ఎక్కడుందండీ?"

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. రత్నమ్మ గారు నవ్వలేదు. తొందరపడి మనిషిని అనుమానించకూడదు, వెళ్ళి చూసొద్దామన్నారు. మా ఆయన్నీ వెంటబెట్టుకుని ముగ్గురం గుండుగొలను వెళ్ళి హోటలు హోటలుకీ దిగి అడిగాం. ఎక్కడా మిషను లేదు. ఒక హోటలాయన మాత్రం, దీనికోసం ఇంతకుముందూ కొందరు వచ్చి అడిగి వెళ్ళారండి అన్నాడు. తిరుగు బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నాకు ఆయన మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

అరెకరం దక్కింది. ఇక అడ్వాన్సు సంగతి. రత్నమ్మ గారు ముందు బ్యాంకుకి చెప్పించారు. ఫోనులో మెసేజీలు ఒక్కటి కూడా చెరపొద్దన్నారు. పోలీసు స్టేషనుకి బయల్దేరమంటే మాత్రం మా ఆయన కదల్లేదు. పోయింది పోయింది, మన ఇంట్లో భోంచేసిన మనిషి మీద కేసేమిటండీ అన్నారు. నలుగురికీ తెలిస్తే తలవంపులన్నది ఆయన నోటితో అనలేదు కానీ నాకు వినబడింది.

రత్నమ్మ గారు ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "భోజనం పెట్టడం మీ మర్యాద బాబూ, దానికేం లోటు రాలేదు. మీరు వెళ్ళకపోతే ఆయన రేపు ఇంకొకరింట్లో భోంచేస్తాడండీ."

మా ఆయన లేచి చొక్కా వేసుకున్నారు. గుండుగొలనులో వాకబు చేసినవాళ్ళెవరూ మాకంటే ముందు స్టేషను గడప ఎక్కలేదని అక్కడ తెలిసింది. మాదే మొదటి ఫిర్యాదు. సైబరు నేరాల వెబ్‌సైటులో కూడా అక్కడివాళ్ళే రాయించారు. మా ఫిర్యాదు సంగతి తెలిసి భీమడోలు నుంచి ఇద్దరు, కైకలూరు వైపునుంచి ఒకరు వచ్చి ఫిర్యాదులిచ్చారు. శ్రీధర్ దొరికాడు. అతని పేరు అదీ కాదు, అత్తవారిది పెంటపాడూ కాదు. మా డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

కొన్నాళ్ళకి కామవరపుకోట నుంచి ఒకావిడ ఏదో దస్తావేజు పనిమీద మా ఆఫీసుకి వచ్చింది. మాటల్లో మిషన్ల సంగతి తనే ఎత్తింది. కూతురి చదువుకని దాచిన డబ్బు బ్యాంకునుంచి తెచ్చి సిద్ధంగా పెట్టుకున్నారట. "ఆ మిషన్ల మనిషిని ఆదివారం మా ఇంటికి భోజనానికి రమ్మన్నామండి. శనివారం పేపర్లో అతను పట్టుబడ్డాడని ఫొటో చూశాం." ఆ ఫిర్యాదు ఎవరిచ్చారో ఆవిడకి తెలియదు. రత్నమ్మ గారు నావైపు ఒకసారి చూసి, ఆవిడ పొలానికి తూర్పున ఏముందో అడగడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం ఈ మాట చెబితే మా ఆయన చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నారు.

రత్నమ్మ గారు ఇప్పుడు లేరు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. మా ఆయన పక్కనే జిరాక్సు మిషను నడుపుతున్నారు. ఏదైనా అమ్మడానికి ఇంటికి ఎవరు వచ్చినా ఇవాళ్టికీ భోంచెయ్యందే పంపను. కొరమేను దొరికితే పులుసే పెడతాను. అన్నం కలుపుకుంటుండగా, మారు వడ్డిస్తూ, మెల్లిగా అడుగుతాను: "ఏవండీ, మీరు చెప్పేదానికి తూర్పున ఏముందండీ?"