అమెరికాలో పుల్లరి

బడి మానేసిన పిల్లల వివరాలు రాసే ఫారంలో చివరి గడి 'కారణం'. పదేళ్ళ కిందట ఒక అమ్మాయి పేరుకు ఎదురుగా ఆ గడిలో నేను 'వలస' అని రాశాను. అది అబద్ధం. ఆ కుటుంబం ఎక్కడికీ వలస పోలేదు. బడికి ఫర్లాంగు దూరంలో, అదే ఇంట్లోనే ఉంది. ఆ ఫారం ఇప్పుడు ఏ బీరువాలో ఉందో, అసలుందో లేదో తెలియదు. దాన్ని దిద్దే వీలు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను సోషల్ టీచర్ని. గురజాల దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు. నా భార్య ఉద్యోగం గుంటూరులో, పిల్లాడి చదువూ అక్కడే. నేను గురజాలలో ఒక గది తీసుకుని ఉండేవాణ్ణి. మధ్యలో వేరే బడికి బదిలీ అయి, మళ్ళీ ఈ బడికే వచ్చినా గది మాత్రం మారలేదు. సాయంత్రం మెస్ నుంచి క్యారియర్ తెచ్చుకోవడం, పేపర్లు దిద్దడం, ఫోన్లో "తిన్నారా" అంటే "తిన్నాను" అనడం. వారానికి ఆరు రోజులు ఇంతే.

నా పాఠమంటే పాయింట్లు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి కారణాలు అనగానే బోర్డు మీద ఏడు పాయింట్లు పడేవి. ఇంగ్లండు వేసిన పన్నులు, స్టాంపు చట్టం, తేయాకు, తమ మనిషి ఒక్కడూ లేని పార్లమెంటు తమ మీద పన్ను వేయడం, ఇంకో మూడు. పిల్లలు సైడ్ హెడింగ్ రాసి, కింద స్కేలుతో గీత గీసేవాళ్ళు. మధ్యలో నేను ఏదైనా చెప్పబోతే పెన్నులు పైకెత్తి అడిగేవాళ్ళు.

"ఇది పాయింటా సార్?"

"కాదురా, ఊరికే చెబుతున్నా."

పెన్నులు దిగిపోయేవి, చెవులు కూడా. పాయింటు కానిదాన్ని ఎవరూ వినరు. ఆ అలవాటు నేర్పింది నేనే. పాయింటుకో మార్కు పడేది, ఫలితాలు బాగా వచ్చేవి, హెడ్మాస్టరు మెచ్చుకునేవాడు.

తొమ్మిదో తరగతిలో ఆ అమ్మాయి మూడో బెంచీ చివర గోడ పక్కన కూర్చునేది. ఎక్కువ మాట్లాడేది కాదు. స్లిప్ టెస్టులో ఈ కారణాలే రాయమంటే పాయింట్లు రాయకుండా పేజీన్నర మామూలుగా, మాట్లాడినట్టు రాసింది. తెల్లవాళ్ళ కాలంలో వాళ్ళ ముత్తాత ఎడ్లు అడవిలో మేశాయని పుల్లరి కట్టమన్నారట. అడవిలో పశువులు మేసినందుకు కట్టే పన్ను అది. కట్టనంటే ఎడ్లను తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టారట. "మా నాయనమ్మ చెప్పింది, ఆయన కోపం పన్ను ఎంతని కాదంట. వెయ్యాలా వద్దా అని మమ్మల్ని ఎవరడిగారు అని కోపమంట. అమెరికా వాళ్ళకి కూడా అదే కోపం వచ్చి ఉంటుంది. అందుకే టీ పారబోసి ఉంటారు. సార్, ఇది కరెక్టేనా?"

జవాబు చివర ప్రశ్న. అంతకు ముందు గాని, తర్వాత గాని జవాబు పేపర్లో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఇన్నేళ్ళు దిద్దిన కట్టల్లో నాతో మాట్లాడిన కాగితం అదొక్కటే. దాని మీద ఎర్ర పెన్నుతో ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టి సున్నా వేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు క్లాసులో దాన్ని పైకి చదివాను.

"అమెరికాలో పుల్లరి అంటరా! వాళ్ళంతా గేదెల్ని తోలుకుని మన అడివికొచ్చారంట!"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఆ నవ్వు నాకు హాయిగా ఉంది. ఎన్నాళ్ళకో నలుగురిలో ఉన్నట్టు అనిపించింది. ఆ అమ్మాయి నిలబడే ఉంది. "కూర్చోమ్మా పుల్లరీ" అన్నాను.

ఆ పేరు అంటుకుంది. గేటు దగ్గర మగపిల్లలు చేయి అడ్డం పెట్టి, "ఏమే పుల్లరీ, పన్ను కట్టి లోపలికి పో" అనడం వరండాలోంచి విన్నాను. ఆపలేదు. రెండు వారాలకు ఆమె రావడం మానేసింది.

ఫారం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నాయనమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఉంది. చేతులు ఆపకుండానే అంది.

"బళ్ళో మా పిల్లని పుల్లరీ అని పిలుస్తన్నారంటగా మేష్టారూ. ఆ మాట మా ఇంట్లో చానామందిని ఏడిపించిందయ్యా. దానికి చెప్పటం నాదే తప్పు."

"పిల్లలన్నాక అంటారమ్మా. రేపు పంపించండి."

"నేను పంపిస్తానయ్యా. అది రావాలిగా."

తలుపు వెనక గాజులు కదిలాయి. మనిషి బయటికి రాలేదు. దారిలో సైకిల్ షాపు దగ్గర నిలబడి 'వలస' అని రాశాను. అలా రాస్తే పైవాళ్ళు ఇంకేమీ అడగరు.

పోయిన చలికాలం నరసరావుపేటలో టీచర్లకు శిక్షణ పెట్టారు. పాఠాన్ని మన ప్రాంతంతో ముడిపెట్టి చెప్పి చూపించమన్నారు. నా వంతు వచ్చేసరికి నోటికి వచ్చింది అదే. ముత్తాత, ఎడ్లు, బందెలదొడ్డి, 'మమ్మల్ని ఎవరడిగారు'. హాలంతా చప్పట్లు. "ఈ ఆలోచన మీకెలా వచ్చింది సార్?" అని అడిగారు. "ఊళ్ళో పెద్దవాళ్ళతో మాట్లాడుతుంటాను" అన్నాను. ఇది రెండో అబద్ధం. శాలువా కప్పారు. గదికొచ్చి దాన్ని కుర్చీ మీద వేసి చాలాసేపు చూశాను. ఇంటికి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. "తిన్నారా" అంది మా ఆవిడ. "తిన్నాను" అన్నాను.

మార్చిలో ఒక ఆదివారం మళ్ళీ ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. నాయనమ్మ పోయింది. అమ్మాయిని ఎడ్లపాడు దగ్గర ఇచ్చారనీ, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల పనికి పోతుందనీ పక్కింటామె చెప్పింది. మూడు బస్సులు మారి అక్కడికి చేరాను. షెడ్డులో ఎర్రటి రాశుల మధ్య ఆడవాళ్ళు ముఖాలకు గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. ఆమే నన్ను గుర్తుపట్టింది.

"సార్, మీరా? ఏంది ఇంత దూరం?"

దగ్గుతూనే అంతా చెప్పాను. గీత కొట్టింది, 'వలస', శాలువా. ఆమె చేతులు తొడిమలు తీస్తూనే ఉన్నాయి. సంచిలోంచి శాలువా తీస్తే చూసి, "ఈ కారంలో అదెందుకు సార్, లోపల పెట్టండి" అంది.

"ఎవరే ఆయన?" అంది పక్కామె.

"మా సోషల్ సారు."

"ఏందంట?"

"పదేళ్ళకి పేపర్ దిద్దుకొచ్చాడు."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో నిలబడ్డాను. ఇలా నిలబడడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నవ్వు ఆగాక ఆమె మెల్లగా అంది.

"ఆరోజు నేనడిగింది ఒకటే గదా సార్. కరెక్టా కాదా అని."

"కరెక్టేనమ్మా."

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. "మరి ఆ మాట ఇక్కడ చెబితే ఏమొచ్చిద్ది? నవ్వింది ఇక్కడ కాదుగా. నవ్విన కాడ చెప్పండి" అని మళ్ళీ రాశి వైపు తిరిగింది.

సోమవారం తొమ్మిదో తరగతికి వెళ్ళాను. అదే గది. ఆనాడు నవ్విన వాళ్ళెవరూ లేరు. మూడో బెంచీ చివర ఇంకెవరో పిల్ల కూర్చుని ఉంది. మొదటి నుంచీ చెప్పాను, నేను నవ్విన సంగతి కూడా.

"ఆ అక్క ఇప్పుడేం చేస్తంది సార్?" అడిగాడొకడు.

"మిరపకాయలకు తొడిమలు తీస్తోంది."

ముందు బెంచీ పిల్ల పెన్ను ఎత్తింది. "సార్, ఇది పాయింటా?"

"పాయింటే. రాసుకోండి."

"సైడ్ హెడింగ్ ఏం పెట్టాలి సార్?"

బోర్డు వైపు తిరిగి ఆ అమ్మాయి పేరు రాశాను, ఆ ఇంట్లో వాళ్ళు పెట్టుకున్న పేరు. వెనక స్కేళ్ళు తీస్తున్న చప్పుడు వినిపించింది. అందరూ దాని కింద గీత గీసుకునేదాకా నేను బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను.