నాయనకు మళ్లీ పొద్దు తెలిసింది

మా నాయన గొర్రెల కాపరి. ధారూర్ దగ్గర మా ఊళ్లో ఒకరోజు పొరుగువాళ్ల గొర్రెను తనదనుకుని కాలు పట్టి లాగాడు. అందరూ నవ్వారు. నాయన మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

వికారాబాద్ దవాఖానలో చూపిస్తే కంట్లో శుక్లం, కాటరాక్ట్ అన్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. మందను ఊళ్లో మా అన్నకు అప్పజెప్పి, కోలుకునేదాకా నా దగ్గర ఉంటాడని నాయనను తాండూరు తీసుకొచ్చాను.

అసలు పరేషాన్ అక్కడ మొదలైంది. "కొన్నాళ్లు ఎండలోకి పోవద్దు" అన్న డాక్టర్ మాటను నాయన గట్టిగా పట్టుకున్నాడు. లోపలి గదిలో చేరి, తలుపుకు గొంగడి కట్టించి, కళ్ల మీద గుడ్డ కప్పుకున్నాడు. తీయమంటే, "కన్ను పోతే నువ్విస్తవా బిడ్డా?" అని కసిరేవాడు.

నెల తిరిగేసరికి పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. వేళకు పెడితే ఆకలి లేదనేవాడు. ఒక మధ్యాహ్నం లేచి, "తెల్లారింది, మందను మేతకు ఇడవాలె" అని కర్ర కోసం తడిమాడు. నాకు ఏడుపొచ్చింది. చూడ్డానికి వచ్చిన మా అన్న, "నాయనకు మతి తప్పింది. మందను అమ్మేద్దాం" అన్నాడు. మంద పోతే నాయన ఎన్నాళ్లో ఉండడని నా భయం.

మళ్లీ వికారాబాద్ తీసుకెళ్లాను. డాక్టర్ పరీక్ష చేసి, "కన్ను మంచిగుంది, మతి గూడ మంచిగనే ఉంది" అన్నారు. తర్వాత నాయననే అడిగారు. "పొద్దు పొడిచిందని గొర్లకు ఎవరు చెప్తరు?"

"ఎవరు చెప్తరు సారూ? వెలుగు చూసి లేస్తయి."

"నీ ఒంటికి గూడ గంతే. వెలుగు చూపియ్యకుంటే దానికి పగలేదో రాత్రేదో ఎట్ల తెలుస్తది?"

ఇక ఎండకు భయం లేదని, రోజూ పొద్దున్నే కాసేపు బయట కూర్చోమని చెప్పి పంపారు. మర్నాడు పొద్దున్నే నాయన దవాఖానలో ఇచ్చిన కళ్లజోడు పెట్టుకుని, ముఖం మాడ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. మొదట్లో ఏమీ మారలేదు. "మీ డాక్టర్‌ను గొర్లకే మందియ్యమను" అని నన్ను సతాయించాడు. రానురాను పగటి కునుకులు తగ్గాయి, చీకటి పడగానే ఆవలింతలు మొదలయ్యాయి. ఒక తెల్లవారుజామున తనే నన్ను లేపి, "బిడ్డా, ఆకలైతుంది, రొట్టె ఉన్నదా?" అన్నాడు. సంతోషంతో అప్పటికప్పుడే పిండి కలిపాను.

ఒకరోజు అన్న మందను కొనే బేరగాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాయన అరుగు మీది నుంచే, "మంద అమ్మేది లేదు. నేనే ఊరికొస్తున్న" అన్నాడు.

ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు, మందతోనే తిరుగుతున్నాడు. మీ ఇంట్లో కంటి ఆపరేషన్ అయినవాళ్లుంటే, డాక్టర్ సరేనన్న రోజు నుంచి పొద్దున్నే బయట కూర్చోబెట్టండి. తిడతారు, పడండి. నన్నూ నాయన తక్కువ తిట్టలేదు. ఇప్పుడు నాయన మా ఇంటికొస్తే, పొద్దున నేను లేచేసరికే అరుగు మీద ఉంటున్నాడు.