ఉషారాణి, ఖాళీ బ్యాకప్‌లు

ఆ సోమవారం దవాఖానా గేటు దాటుతుంటేనే ఉషారాణికి కళ్లు మూసుకుపోతున్నాయి. ఆమె తల్లి ద్వాలి పక్షవాతంతో మంచం పట్టి ఉంది. దగ్గుతో తెల్లార్లూ తాను నిద్రపోలేదు, కూతుర్ని పోనివ్వలేదు. భర్త బలరాం బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. పొద్దటి షిఫ్టు కాబట్టి చీకటితోనే వెళ్లిపోయాడు. తల్లికి ఒళ్లు తుడిచి, జావ తాగించి, పక్కింటామెకు అప్పజెప్పి, పాల్వంచలో బస్సెక్కింది. దారంతా కిటికీకి తల ఆనించే కూర్చుంది.

భద్రాచలం దారిలో అడవి మొదలయ్యేచోట ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖానా అది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బున్న పిల్లలను చుట్టుపక్కల గూడేల నుంచి తీసుకొస్తారు. ఎవరికి ఎప్పుడు రక్తం ఎక్కించారు, ఎవరికి ఏది పడలేదు, అంతా ముందు గదిలోని పాత కంప్యూటర్లో ఉంటుంది. దాని ముందు కూర్చునేది ఉషారాణి. తిరుమలాయపాలెం దగ్గరి తండాలో పుట్టి, డిగ్రీ చదివి, టీచర్ కొలువు కోసం పరీక్షలు రాసి రాసి విసిగి, చివరికి ఈ కుర్చీలో కుదురుకుంది. పేర్లు ఎక్కించడం, చీటీలివ్వడం, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడం, శనివారం శనివారం వివరాల నకలైన బ్యాకప్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి డాక్టరమ్మకివ్వడం, అన్నీ ఆమె పనే.

ఆ కంప్యూటర్ కొన్నాళ్లుగా కరకరమంటోంది. ఖమ్మంలో కంప్యూటర్లు బాగుచేసే సంపత్‌కు ఫోన్లో ఆ చప్పుడు వినిపించింది.

"హార్డ్ డిస్క్ పోతున్నదక్కా. కొత్త సిస్టం పట్టుకొని నేనే వస్త. ఈలోపు బ్యాకప్ తీసిపెట్టు. పాతదాన్ని మాత్రం బంద్ చెయ్యకు. మళ్ల లేస్తదో లేదో," అన్నాడతను.

శనివారాల్లో అది దానంతటదే జరిగిపోయేది. ఈసారి ఆమె తన చేత్తో బ్యాకప్ నొక్కింది. నల్లటి కిటికీ తెరుచుకుని, ఒక ఇంగ్లీషు వాక్యం చూపించి ఆగిపోయింది. సెట్టింగుల ఫైలు మొదటి వరుసలోనే తప్పుందని దాని సారం. పైన విభాగం పేరు లేకుండా సెట్టింగు రాశారట. ఫైలు తెరిచి చూసింది. విభాగం పేరు మొదటి వరుసలోనే, చదరపు బ్రాకెట్ల మధ్య, ఉండాల్సినట్టే ఉంది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే మాట.

పాత బ్యాకప్‌లైనా ఉన్నాయి కదా అని ఆ ఫోల్డర్ తెరిచింది. వరుసగా శనివారాల పేర్లు. పక్కన సైజులు చూసింది. ఎండాకాలం నుంచి ప్రతి ఫైలూ సున్నా. ఇన్నాళ్లూ పెన్‌డ్రైవ్‌లో పెట్టి డాక్టరమ్మ చేతికిచ్చింది ఫైళ్ల పేర్లే. లోపల ఏమీ లేదు.

అప్పటికే వసారా నిండింది. అందరికంటే ముందు భీమక్క నిలబడి ఉంది. ఆమె భుజం మీద మనుమడు వీరబాబు. వాడి పెదవులు పాలిపోయాయి.

"బిడ్డా, పోయినసారి రక్తం ఎక్కిస్తే ఒళ్లంత దద్దుర్లొచ్చినయ్. ఏదో సూది ఏసిండ్రు. అదేందో నాకు తెల్వది. నీ డబ్బాల ఉంటది, చూడు."

కరకర చప్పుడు మధ్య ఆ పేజీ నెమ్మదిగా తెరుచుకుంది. ఉషారాణి దాన్ని చేత్తో కాగితం మీద రాసుకుని లోపలికి తీసుకెళ్లింది. డాక్టర్ అరుణశ్రీ చదివి, రక్తం ఎక్కించేముందు ఆ సూది వెయ్యమని నర్సుకు చెప్పింది. ఉషారాణి మాత్రం కదలలేదు.

"మేడం, నేనిచ్చిన బ్యాకప్‌లు అన్నీ ఖాళీయే. ఇప్పుడే చూసిన."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకుంది.

"నేనూ ఒక్కనాడూ తెరిచి చూడలేదు ఉషా. ముందు ఉన్నది దక్కించుకో. చీటీలు నర్సు రాస్తదిలే."

ఉషారాణి సెట్టింగుల ఫైలు ఫొటో తీసి సంపత్‌కు పంపింది. అతను వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, అడుగున తెలుగుల ఏదో రాసి ఉన్నదేంది?"

"'ఈ ఫోల్డర్ మార్చవద్దు' అని. ఎండాకాలంల ప్రింటర్ పెట్టనీకి రమణ అని ఒకాయన వచ్చిండు. పాస్‌వర్డ్ మార్చి, అది గూడ రాసిపోయిండు."

"ఆ వరుస తీసెయ్."

తీసేసింది. అయినా అదే తప్పు. కళ్ల ముందు అక్షరాలు ఈదుతున్నాయి. "గట్లనే వస్తున్నది తమ్మీ," అంది. అవతల సంపత్ కూడా నిట్టూర్చాడు.

"ఆగక్కా. సేవ్ యాజ్ కొట్టు. కింద ఎన్‌కోడింగ్ అని ఉంటది, ఏమున్నది?"

"యూటీఎఫ్ ఎయిట్."

"అవ్, అదే. అక్షరాలు దాచే పద్ధతి అది. తెలుగు రాయనీకి ఆయన గట్ల పెట్టిండు. పాత నోట్‌ప్యాడ్ అట్ల పెడితే ఫైలు ముందట మనకు కనపడని గుర్తొకటి అంటిస్తది. బ్యాకప్ ప్రోగ్రాం దాన్ని చూసి మొదటి వరుసను గుర్తుపడతలేదు. ఆన్సి అని పెట్టి సేవ్ చెయ్."

చేసింది. ఈసారి ఆ తప్పు రాలేదు. ఇంకోటి వచ్చింది: పాస్‌వర్డ్ సరికాదు, లోపలికి రానివ్వం.

ఉషారాణికి ఏడుపొచ్చినంత పనైంది. సంపత్ ఆ వరుసను అక్షరం అక్షరం చదివించుకున్నాడు. నడుమ హ్యాష్ (#) గుర్తు ఉంది. ఈ ఫైళ్లలో హ్యాష్ తర్వాత రాసినదాన్ని ప్రోగ్రాం లెక్కలోకి తీసుకోదట. పాస్‌వర్డ్ మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టమన్నాడు. పెట్టి, నొక్కి, ఆమె చేతులు ఒళ్లో వేసుకుంది.

నల్లటి కిటికీ ఈసారి ఏమీ అనలేదు. ఫోల్డర్లో కొత్త ఫైలు సైజు కొద్దికొద్దిగా పెరుగుతోంది. డిస్క్ అరుస్తోంది, ఆగుతోంది, మళ్లీ అరుస్తోంది. ఆగినప్పుడల్లా ఆమె ఊపిరి బిగబట్టింది.

మధ్యాహ్నం దాటాక సంపత్ కొత్త కంప్యూటర్‌తో దిగాడు. బ్యాకప్‌ను అందులోకి ఎక్కించి, "ఎవరిదైనా పేరు కొట్టక్కా," అన్నాడు. ఆమె వీరబాబు పేరు కొట్టింది. దద్దుర్లు, సూది, తేదీ, అన్నీ వచ్చాయి. లోపలి మంచం మీద వాడికి రక్తం ఎక్కుతోంది. భీమక్క పక్కనే నేల మీద నిద్రపోతోంది.

సంపత్ నవ్వాడు. ఉషారాణికి నవ్వు కూడా రాలేదు. పొద్దుటి చీటీలన్నీ ఇంకా కంప్యూటర్లోకి ఎక్కించాలి.

సాయంత్రం బస్సులో సీటు దొరకలేదు. పాల్వంచ దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. ఇంట్లో బలరాం అన్నం వండి పెట్టాడు.

"గింత ఆలస్యమేంది? ఏం పని చేసినవ్ పొద్దంత?" అని అడిగాడు.

"ఒక ఫైలు సేవ్ చేసిన," అని తల్లి పక్కన ఒరిగింది.

ఇప్పుడు ప్రతి శనివారం బ్యాకప్ సైజు చూసి, అందులోంచి ఒక పేరు తెరిచి చూశాకే పెన్‌డ్రైవ్ ఇస్తుంది. అది ఇంకో పని అయింది. మరో మనిషిని పెట్టమని డాక్టరమ్మ ట్రస్టును అడిగింది. ఇంకా ఎవరూ రాలేదు.