బ్యాండు ఆగాక చూసిన నడక

మా పెద్దమ్మ వాళ్లు సూరత్‌లోని ఉధ్నాలో ఉంటారు. వాళ్లబ్బాయి శేఖర్ అన్న పెళ్లి. నేను మహారాష్ట్రలోని ఒక విశ్వవిద్యాలయంలో అశ్వశాస్త్రం రెండో ఏడాది చదువుతున్నాను. గుర్రాల పోషణ, శిక్షణ, ఆరోగ్యం మా పాఠాలు. “బరాత్‌కు గుర్రం మాట్లాడినం చెల్లె. నువ్వే రాకుంటే ఎట్ల?” అని అన్న ఫోన్ చేశాడు. తరగతి బయట గుర్రాన్ని చూసినట్టూ ఉంటుందని బయలుదేరాను.

మీ రైలు ఉధ్నాలో ఆగేదైతే అక్కడే దిగండి. పెళ్లి మండపం ఉన్న పర్వత్ పాటియాకు స్టేషన్ బయటే షేర్ ఆటోలు దొరుకుతాయి. నా దగ్గర ముప్పై రూపాయలు తీసుకున్నారు. ఆటో నడిపేది జగిత్యాల వైపు ఆయన. ఏం చదువుతున్నావని అడిగితే గుర్రాల గురించి అన్నాను. “గుర్రాలా? రేసులు ఆడిస్తవా బిడ్డా?” కాదన్నాను. “మరి డాక్టరువా?” అదీ కాదన్నాను. “మరేంది?” అంతలో మండపం వచ్చింది, దిగిపోయాను.

సాయంత్రం కడోదరా నుంచి తెల్లని ఆడగుర్రం వచ్చింది. పేరు కేసర్, యజమాని జయేశ్‌భాయ్. బ్యాండు మొదలవగానే అది డప్పుకు తగ్గట్టు కాళ్లెత్తుతూ తల ఊపసాగింది. అందరూ ఈలలు వేశారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేల తాకగానే తల పైకెత్తుతుందని మా పాఠం. పెళ్లిగుర్రాలకేమో తల ఊపుతూ ఆడటమే నేర్పుతారు. ఇది ఆటా, కుంటా? ఎంత చూసినా అర్థం కాలేదు.

జయేశ్‌భాయ్‌ని అడిగాను. “డాన్స్ హై బేటీ, డాన్స్!” అని నవ్వాడు. పెద్దమ్మ నా చెయ్యి పట్టి లాగింది. “ముహూర్తం దాటిపోతాంది. గిప్పుడు నీ లొల్లేందే?”

అప్పటికే రికాబులో కాలు పెట్టిన అన్న ఆగాడు. “నిజం చెప్పు చెల్లె. కుంటుతాందా, లేదా?”

“నాకు తెలుస్తలేదన్నా. జర బ్యాండు ఆపిస్తే చూస్త.”

బ్యాండు ఆగింది. జయేశ్‌భాయ్ విసుక్కుంటూనే కేసర్‌ను గల్లీ చివరిదాకా పరిగెత్తించాడు. వెళ్లేటప్పుడు బాగానే ఉన్నట్టనిపించింది. మలుపు తిరిగి వస్తుంటే ఎడమ ముందుకాలు పడినప్పుడల్లా తల లేచింది. గిట్ట పట్టుకు చూస్తే వెచ్చగా ఉంది. కానీ అటువైపే జనరేటర్ బండి ఉంది. ఆ వేడేమో! జయేశ్‌భాయ్ కూడా చెయ్యి పెట్టి చూశాడు. ఆయన నవ్వు పోయింది. “పక్కా తెలియట్లేదు,” అన్నాడు హిందీలో.

“ఇద్దరికీ తెల్వకుంటే నేనెట్ల ఎక్కాలె? నడుస్త పాండ్రి,” అన్నాడు అన్న. పెద్దమ్మ మొహం ముడుచుకున్నా ఆపలేదు.

మళ్లీ డప్పు మోగింది. గోడ పక్కన కట్టేసిన కేసర్ ఆ మోత వినగానే మళ్లీ కాళ్లెత్తి ఆడటం మొదలుపెట్టింది. జయేశ్‌భాయ్ మెడ నిమిరితే గానీ ఆగలేదు.

మర్నాడు ఆయన అన్నకు ఫోన్ చేశాడు. ఎడమ గిట్ట అడుగున చీము పట్టిందని పశువైద్యుడు చెప్పాడట. “మా పిల్ల పట్టింది!” అని పెద్దమ్మ ఇంటింటికీ చెప్పింది. నేను పట్టిందేమీ లేదు, తెలియదన్నానంతే. తిరుగు రైల్లో నన్ను తొలిచింది వేరే సంగతి. అంత నొప్పిలో అది ఎందుకు ఆడింది? భయమా, అలవాటా, ఇష్టమా? శిక్షణ నా చదువులో సగం. రేపు నేను గుర్రాలకు నేర్పబోయేదీ, చెప్పగానే నొప్పిని దాచుకోవడమేనా? మా మాస్టారిని అడగాలనుకున్నాను. ప్రశ్న ఎలా మొదలుపెట్టాలో ఇంకా తేలలేదు.

పెళ్లికి గుర్రం మాట్లాడుకునేవాళ్లకు ఒక మాట: అలంకరణ కాకముందే, బ్యాండు లేనప్పుడు, గట్టి నేల మీద దాన్ని అటూ ఇటూ పరిగెత్తించి చూపించమనండి. అనుమానం వస్తే ఎక్కకండి.