శేషాన్ని ఏం చేశావు?

మా అమ్మను బళ్ళో పిల్లలంతా శేషం టీచరు అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. అమ్మ నవ్వుతూ పలుకుతుంది. అయిదో తరగతికి లెక్కలు చెబుతుంది, అందులోనూ భాగహారమంటే ఆవిడకు ప్రాణం. పిల్లవాడు బోర్డు దగ్గర నానా తంటాలూ పడి, భాగఫలం పైన రాసి, శేషం కింద రాసి, హమ్మయ్య అనుకుంటూ సుద్దముక్క పెట్టేయబోతాడు. సరిగ్గా అప్పుడే అడుగుతుంది: "అంతా బాగానే ఉంది గానీ, శేషాన్ని ఏం చేశావు?"

వ్యాన్ల లెక్కకు ఆవిడ పెట్టింది పేరు. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు వ్యానుకు ఆరుగురు చొప్పున ఎక్కితే ఎన్ని వ్యాన్లు కావాలి? ఏటా కొత్త పిల్లలు అదే జవాబు రాస్తారు. ఆరు వ్యాన్లు, శేషం రెండు. అమ్మ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, "ఆ ఇద్దరినీ రోడ్డు మీద వదిలేసి వస్తావుట్రా నాయనా? వాళ్ళమ్మ వచ్చి అడిగితే ఏం చెబుతావు? మీవాడు శేషమండీ అంటావా?" అంటుంది. క్లాసంతా గొల్లుమంటుంది. ఆ తర్వాత ఏడో వ్యానును ఎవరూ మర్చిపోరు.

నేనూ ఆ క్లాసులోంచి వచ్చినదాన్నే. ఇప్పుడు బట్టల దుకాణంలో గుడ్డ కొలిచి కోస్తాను. నా కత్తెర పని చూశాకే అమ్మ రిబ్బను లెక్క తయారుచేసింది. ఇరవై మీటర్ల చుట్టలోంచి మూడేసి మీటర్ల ముక్కలు ఎన్ని వస్తాయి? ఆరు వస్తాయి, రెండు మీటర్లు మిగులుతాయి. అక్కడ మాత్రం ఆ మిగిలినదాన్ని పక్కన పడేయాల్సిందే. ఇక అయిదు రొట్టెలు ఇద్దరు పంచుకుంటే? మిగిలిన ఒక్కదాన్నీ పడేయకూడదు, ఇంకోటి తేనక్కర్లేదు, తుంచి చెరిసగం తినాలి. శేషం ఎంతని రాయడం కాదు, అది మనిషా, గుడ్డముక్కా, రొట్టా అని చూసుకోవాలంటుంది అమ్మ. అంకెలన్నీ తీసేసి ముందు కథ చెప్పమంటుంది. కథ సరిగ్గా చెప్పినవాళ్ళకే సుద్దముక్క ఇస్తుంది.

ఇక మా నాన్న. ఆయనదీ అదే బడి, అదే అయిదో తరగతి, పక్క సెక్షను. రెండు గదులకూ మధ్య చెక్క అడ్డు ఒక్కటే. ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది. పిల్లలు ఆయన్ను షార్ట్‌కట్ సారు అంటారు. ఆయన సూత్రం చాలా సులువు. లెక్కలో 'చొప్పున' కనపడిందా, మారుమాట లేకుండా భాగించెయ్. శేషం వచ్చిందా, పక్కన రాసి వదిలెయ్. ఒకసారి పరీక్షలో, ఆరుగురికి తలా నాలుగు చొప్పున పెన్సిళ్ళు ఇవ్వాలంటే ఎన్ని కొనాలని అడిగారు. నాన్న క్లాసు మొత్తం ఆరును నాలుగుతో భాగించి, ఒక పెన్సిలు, శేషం రెండు అని రాసి వచ్చింది. ఆ రోజు అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏమండీ, ఆ ఒక్క పెన్సిలూ ఆరుగురూ ఎలా పట్టుకుంటారండీ?" అంటే నాన్నా నవ్వారు. అమ్మ బళ్ళో ఆయన్ను 'సార్' అనేది, ఇంటి గుమ్మంలో అడుగుపెట్టగానే 'ఏమండీ' అనేది. అలా హాయిగా సాగిపోతుండేది మా ఇల్లు.

ఈ ఏడాది బళ్ళో పిల్లలు తగ్గారు. రెండు సెక్షన్లూ కలిపి ఒకటే చేస్తామని హెడ్మాస్టరు చెప్పారు. తనిఖీ మేడమ్ వచ్చి ఇద్దరి పాఠాలూ వింటారు, బాగా చెప్పినవాళ్ళకు క్లాసు ఇస్తారు. రెండోవాళ్ళకు స్టోరు గది. సుద్దముక్కలు, పటాలు, విరిగిన బెంచీలు చూసుకుంటూ కూర్చోవాలి. జీతం ఎక్కడికీ పోదు. పిల్లలే ఉండరు.

అమ్మకు పిల్లలు లేకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఎండాకాలం సెలవుల్లోనే మనిషి సగమైపోతుంది, కూరలబ్బాయితో కూడా కథ చెప్పించి గానీ తూకం వేయించుకోదు.

అందుకే పట్టుదలగా మొదలుపెట్టింది. బెంచీలను వ్యాన్లు చేసి పిల్లల్ని ఎక్కించింది. క్లాసులో ఒక పిల్ల ఉంది, ఏ పనైనా నింపాదిగా చేస్తుందని అందరూ తొందరమ్మ అని వెక్కిరిస్తారు. భాగహారమంటే ఏడుపుమొహం పెట్టేది. అమ్మ ఆ పిల్లను రోజూ బడి వదిలాక కూర్చోబెట్టుకుని చేయించింది. మేడమ్ ముందు బోర్డు దగ్గరికి పంపేది దాన్నేనంది. "అది నోరు విప్పి ఏడో వ్యాను అనాలి, నేను వినాలి. చాలు నాకు," అంది.

సాయంత్రాలు నాన్న టీ తాగుతూ ఒకటే అడిగేవారు. "ఇవాళ ఏ లెక్క చేయించావు? పిల్లలు ఏమన్నారు? నువ్వేమన్నావు?" అమ్మ మురిసిపోయేది. ఇన్నేళ్ళూ శేషం పేరెత్తితే ఆవులించిన మనిషి చెవులప్పగించి వింటున్నాడాయె! మోకాళ్ళకు తైలం రాసుకుంటూ, ఒక్కొక్క మాటా పూసగుచ్చినట్టు చెప్పేది. "అబ్బ, ఈ కాళ్ళు నిలబడనివ్వడం లేదండీ, మానేసి కూర్చోవాలనిపిస్తుంది ఒక్కోసారి," అని కూడా అనేది. మొగుడితో కాకపోతే ఇంకెవరితో అంటుంది?

మేడమ్ వచ్చే రోజు నేను దుకాణానికి సెలవు పెట్టి, రిబ్బను చుట్టలు పట్టుకుని అమ్మకు సాయం వెళ్ళాను. పిల్లలు తలలకు నీళ్ళు అద్ది దువ్వుకుని వచ్చారు. తొందరమ్మ అరచేతిలో సుద్దముక్క చెమటకు తడిసిపోయింది. వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. అందరం నిటారుగా కూర్చున్నాం. చప్పుడు మా గుమ్మం దాకా వచ్చి, దాటుకుని, నాన్న గదిలోకి వెళ్ళిపోయింది.

"ముందు అటు చూస్తారు కాబోలు," అంది అమ్మ.

చెక్క అడ్డు అవతల నాన్న గొంతు ఖంగుమంది. "అంతా బాగానే ఉంది గానీ, శేషాన్ని ఏం చేశావు?"

అమ్మ మొహం వెలిగిపోయింది. "విన్నావుటే? ఇన్నాళ్ళకు మీ నాన్నకు బుద్ధొచ్చింది!" అంది నా చెవిలో.

అవతల ఆయన ఆగలేదు. "ఆ ఇద్దరినీ రోడ్డు మీద వదిలేసి వస్తావుట్రా నాయనా? వాళ్ళమ్మ వచ్చి అడిగితే ఏం చెబుతావు?" అవే ముప్ఫై ఎనిమిది మంది, అవే వ్యాన్లు, ఆఖరికి ఆ 'నాయనా' కూడా అదే. క్లాసు గొల్లుమంది. మేడమ్ కూడా పడీపడీ నవ్వారు. ఆ తర్వాత రిబ్బను వచ్చింది, రొట్టె వచ్చింది. అమ్మ నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, కళ్ళలో మాత్రం లేదు.

తొందరమ్మ నెమ్మదిగా లేచి, "టీచర్, అవి మన లెక్కలు కదా?" అంది.

అమ్మ ఆ పిల్లను కూర్చోమని చెయ్యి ఊపింది. పాపం, అప్పటికీ ఆవిడ ఒకటే అనుకుంది, ఇప్పుడు మేడమ్ ఇటు వస్తే ఏం చూపించాలా అని. బోర్డు తుడిచి కొత్త లెక్క ఆలోచించడం మొదలుపెట్టింది. ఈలోపు చెప్పుల చప్పుడు వరండా వెంట వెనక్కి వెళ్ళింది. గేటు దగ్గర కారు కదిలింది. చేతులు కట్టుకున్న పిల్లలు చేతులు కట్టుకున్నట్టే ఉన్నారు.

హెడ్మాస్టరు గదికి అమ్మ వెనకే నేనూ పరిగెత్తాను. ఆయన మమ్మల్ని చూసి తెల్లబోయారు. "అదేమిటి టీచర్? మోకాళ్ళ నొప్పులు, నిలబడలేకపోతున్నాను, తప్పుకుంటానన్నారట కదా? మీ ఆయనే వచ్చి చెప్పారు. పాపం, చాలా బాధపడ్డారు కూడా. అందుకే మేడమ్‌ను మీ గదికి తీసుకురాలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. నమ్మి చెప్పుకున్న నొప్పిని పట్టుకెళ్ళి అమ్మ మీదే వాడాడు. ఆ నోటి మాటలే ఎత్తుకెళ్ళి ఆవిడ బతుకు లాగేసుకున్నాడు. పరాయివాడు చేస్తే తిట్టి ఊరుకుంటాం, ఇంట్లోవాడు చేస్తే ఏం చేస్తాం? అమ్మ మాత్రం హెడ్మాస్టరుకు దణ్ణం పెట్టి బయటికి వచ్చింది. నలుగురిలో మొగుణ్ణి అబద్ధాలకోరును చేయడం ఇష్టం లేదు కాబోలు. నేనైతే అక్కడే కడిగేసేదాన్ని.

ఇంట్లో నాన్న తేలు కుట్టిన దొంగలా కుర్చీలో ఉన్నారు. అమ్మ భుజాన సంచీ కూడా దించలేదు.

"ఎందుకిలా చేశారు?"

"ఉన్నది ఒక్క క్లాసు, మనం ఇద్దరం. ఎవరో ఒకరు మిగిలిపోవాలి కదా. పిల్లలు లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది. నువ్వంటావా, ఎలాగో ఒకలా సర్దుకుంటావు."

"సిగ్గులేదా నాన్నా నీకు!" అని అరిచాను.

"నువ్వాగవే," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఒకటిని రెండుతో భాగిస్తే ఎంత వస్తుంది?"

జవాబు కోసం ఆగకుండా తనే చెప్పింది.

"సగం వస్తుంది. పొద్దున పూట మీరు, మధ్యాహ్నం పూట నేను. ఇద్దరం వెళ్ళి అడిగితే హెడ్మాస్టరు కాదనేవాడా? ముందు నన్నడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని. ఇది రొట్టె లెక్క. మీరు నన్ను రిబ్బను లెక్కలో వేశారు. రోజూ కూర్చుని అంత శ్రద్ధగా విన్నారు కదా, ఏం విన్నారు?"

అలా అని ఏడ్చింది. సంచీ భుజానే ఉంది. అమ్మ ఏడవడం చూసి నాకూ ఏడుపొచ్చింది. నాన్న దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ మర్నాటి నుంచి అమ్మ స్టోరు గదిలో కూర్చుంటోంది. ఇంటి పనులన్నీ ఎప్పటిలాగే చేస్తుంది, నాన్నకు టీ ఇస్తుంది, చొక్కా గుండీ ఊడితే కుడుతుంది. 'ఏమండీ' మాత్రం పోయింది. ఇంట్లో కూడా 'సార్' అనే పిలుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నాన్న తమాషాకు అంటోందనుకుని నవ్వబోయి, అమ్మ మొహం చూసి మానేశారు.

మొన్న విరామంలో తొందరమ్మ స్టోరు గది గుమ్మంలోకి వచ్చి నిలబడిందట. కలిపిన క్లాసులో ఇప్పుడు అందరికీ నాన్నే చెబుతారు. మేడమ్ వెళ్ళిపోయాక ఆయన మళ్ళీ పాత దారిలో పడ్డారు. "టీచర్, నేను ఏడు వ్యాన్లని రాశాను. సారు కొట్టేసి ఆరు, శేషం రెండు అని రాయించారు. అది అంతేనంట, తొందరగా రాయమన్నారు," అందట ఆ పిల్ల. అమ్మ దాని చేతికి కొత్త సుద్దముక్క ఒకటి ఇచ్చి పంపించింది.

ఆ సాయంత్రం నాన్న భోజనానికి కూర్చున్నారు. అమ్మ కంచం పెట్టి, నీళ్ళు పెట్టి, ఎదురుగా నిలబడింది.

"నన్ను వదిలేశారు, సరే," అంది. "ఆ పిల్లలిద్దరినైనా వ్యాను ఎక్కించండి, సార్."