కత్తెర బాబాయ్ కలిపిన మాట

మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసే కత్తెర బాబాయ్‌కి ఏ వస్తువు చూపించినా ఒకటే ప్రశ్న వేస్తాడు: "ఇది తీసేస్తే కొంప మునుగుతుందా?" మునగదని తేలిందా, ఇక దానికి నూకలు చెల్లినట్టే.

అలా ఆయన కుర్చీకి చేతులు పోయాయి, బీరువాకు తలుపులు పోయాయి, గోడ గడియారానికి సెకన్ల ముల్లు పోయింది. ఒకసారి పిన్ని నాకే ఫోన్ చేసింది. "ఇంట్లో గిన్నెలకి ఒక్క మూత కూడా లేదు నాయనా. మీ బాబాయ్‌ని అడుగు!" పక్కనుంచి బాబాయ్ కేకేశాడు: "మూతలెందుకే? పళ్లెం బోర్లిస్తే సరి!"

మేము తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే మాన్యువల్ రాసేది నా పక్కసీటు అక్క. ప్రోగ్రాం ఫైళ్లలో, కోడు మధ్యనే ఆవిడ వివరణలు రాస్తే, ఒక పాత టూలు వాటిని ఏరి పేజీలుగా కూర్చేది. ఆ టూలుకి పట్టింపులెక్కువ. కోడంతా మొదటినుంచి చివరిదాకా అర్థమైతేగాని ఒక్క పేజీ ఇవ్వదు. ఎక్కడైనా ఒక్క బ్రాకెట్ మూయలేదో, "తప్పు" అని అలిగి కూర్చునేది. ఎక్కడ తప్పో చెప్పదు. అక్క కళ్లు లాగేదాకా వెతుక్కునేది.

"ఈ శుక్రవారం కూడా మాన్యువల్ ఆలస్యమైతే నీ పని బయటివాళ్లకి ఇచ్చేస్తానమ్మా," అన్నాడు మేనేజరు, అందరి ముందే. అక్క తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది. బాబాయ్ మాత్రం తాపీగా పాత టూలు తెరిచాడు.

"దీనికి కోడు అర్థం కాకపోతే కొంప మునుగుతుందా?"

"అర్థం కాకుండా ఎలా చదువుతుందండీ?" అన్నాడు మేనేజరు.

"చదవడమెందుకు? మనకి కావలసింది వివరణలేగా! వాటి ముందు గుర్తు ఉండనే ఉంది. గుర్తున్న లైను తీసుకోవడం, లేనిది వదిలెయ్యడం. అంతే."

"అంత తేలికైతే ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు చెయ్యలేదు?"

"వచ్చినవాళ్లంతా కలుపుతూ పోయారు కాబట్టి!"

శుక్రవారం ఉదయానికి పాత టూలు అడ్రసు లేకుండా పోయి, ఒక్క పేజీలో పట్టే కొత్తది వచ్చింది. మేనేజరు దాన్ని పైనుంచి కిందికి చూసి, "మిగతాది మెయిల్లో వస్తుందా?" అని అడిగాడు.

అక్క దేవుణ్ణి తలచుకుని బటన్ నొక్కింది. ఈసారీ ఆవిడ వివరణల్లో ఒకచోట బ్రాకెట్ మూయలేదు. అయినా పేజీలన్నీ బుద్ధిగా వచ్చేశాయి. అడుగున మాత్రం ఇలా ఉంది: "నలభయ్యో లైనులో బ్రాకెట్ మూయలేదు. ఫర్వాలేదు, నేను మూసేశాను."

అది చదివి అక్క పడీ పడీ నవ్వింది. మాన్యువల్ మధ్యాహ్నానికే వెళ్లిపోయింది. మేనేజరు మళ్లీ బయటివాళ్ల ఊసెత్తలేదు.

నేను కొత్త టూలు తెరిచి చూశాను. ఎక్కడా ఒక్క అక్షరం వృథాగా లేదు, ఆ "ఫర్వాలేదు" తప్ప. బాబాయ్ దొరికాడనుకున్నాను.

"బాబాయ్, ఇక్కడొక మాట ఎక్కువైంది. తీసెయ్యనా?"

"ముందు కీబోర్డు మీంచి నీ చెయ్యి తియ్యి!" అని గసిరాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ పిల్లతో ఈ ఆఫీసులో ఆ మాట ఎవరైనా అన్నారట్రా?"

సోమవారం నేను వెళ్లేసరికి అక్క ఒక బ్రాకెట్‌ను కావాలనే మూయకుండా వదిలి, బటన్ నొక్కి, నవ్వుకుంటూ కూర్చుంది.